కాగితం మీద గీస్తే కళ అన్నారు, చేతి మీద పొడిస్తే సర్వీస్ అన్నారు. మీరేమంటారు?

ప్రశ్న: నల్లసిరా (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చుబొమ్మల కళ చదివాను. ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక టాటూ స్టూడియోలో పని చేస్తున్నాను. ఇక్కడ పెయింటర్లు, డ్రాయింగ్ సార్లు, గ్యాలరీల సంగతి తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల సిటీలో ఒక గ్రూప్ షోకి ఎంట్రీలు పంపాను. ఒకే పనికి సంబంధించినవి రెండు. ఇంకుతో కాగితం మీద వేసిన డ్రాయింగ్ ఒకటి, అదే బొమ్మ ఒక మనిషి ముంజేతి మీద పూర్తయ్యాక తీసిన నాలుగు ఫొటోలు. డ్రాయింగ్ తీసుకున్నారు. ఫొటోలు వెనక్కి వచ్చాయి. "టాటూ క్లయింట్ సర్వీస్ కిందికి వస్తుంది, ఫైన్ ఆర్ట్ విభాగంలో పరిశీలించలేం" అని ఒక లైను రాశారు. గీసిన చెయ్యి ఒకటే, బొమ్మ ఒకటే.

ఆ పని గురించి చెప్తాను. ఆయనది జనగామ వైపు ఒక ఊరు. వాళ్ళ నాన్న కల్లుగీత కార్మికుడు. జీవితమంతా తాటిచెట్లెక్కి, చివరికి చెట్టు మీది నుంచి పడే పోయాడు. ఆయన మోకు, అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడు, ఇంట్లో గోడకు వేలాడుతోందట. దాన్ని సంచిలో పెట్టుకుని స్టూడియోకి తెచ్చాడు. "అక్కా, ఇది నా చేతికి చుట్టాలి" అన్నాడు. మూడు రోజులు ఆ మోకు నా దగ్గరే పెట్టుకుని గీశాను. చెట్టుకు ఒరుసుకునే వైపు నున్నగా, నల్లగా మెరుస్తుంది. నడుముకు తగిలే వైపు చెమటకు పీచు లేచింది. కాగితం మీద అదంతా బాగానే వచ్చింది.

చేతి మీద రాలేదు. ముంజేయి మోచేతి దగ్గర లావు, మణికట్టు దగ్గర సన్నం. అరచేయి బోర్లా తిప్పితే లోపల రెండు ఎముకలు ఒకదాని మీదుగా ఒకటి మెలిపడతాయి, వాటితో పాటు చర్మమూ తిరుగుతుంది. చెయ్యి ఒక తీరుగా పెట్టించి స్టెన్సిల్ (బొమ్మ గీతలను చర్మానికి అంటించే కాగితం) వేస్తే, అరచెయ్యి తిప్పగానే తాడు పురి తప్పి పక్కకు జరిగిపోతోంది. స్టెన్సిల్ తుడిచేశాను. మార్కర్ తీసుకుని నేరుగా చేతి మీదే గీశాను. తిప్పమన్నాను, చెరిపాను, మళ్ళీ గీశాను. గీయడానికే మూడు గంటలు పట్టింది. సూది పని రెండు సిట్టింగుల్లో తొమ్మిది గంటలు.

అయిపోయాక పిడికిలి బిగించి చూడమన్నాను. కండ ఉబ్బింది, తాడు బిగుసుకుంది. వదిలితే వదులైంది. ఆయన రెండు మూడు సార్లు అలాగే బిగించి, వదిలి, "బాపు చెట్టు మీద ఎనకకు వాలితే మోకు ఇట్లనే బిగిసేది" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నా దృష్టిలో కాగితం మీది బొమ్మ దీనికి ప్రాక్టీస్. వాళ్ళు ప్రాక్టీస్ తీసుకుని పనిని వెనక్కి పంపారు. అదే నాకు మింగుడు పడటం లేదు.

ఇంట్లో కూడా ఇదే మాట. "పచ్చబొట్లు పొడవడానికా నిన్ను అంత చదివించింది" అంటాడు మా బాపు. ఆ మాట అంటున్నప్పుడు పక్కనే మంచం మీద మా నానమ్మ ఉంటుంది. ఆమెకు ఎనభై దాటాయి, రెండు చేతులకూ పచ్చబొట్లు. చిన్నప్పుడు ఊరికి వచ్చిన ఎరుకలామె పొడిచిందట. దీపం మసి, ఏదో ఆకు పసరు, మూడు సూదులు కలిపి కట్టిన కట్ట. కూలి మానెడు జొన్నలు. కుడిచేతి మీద తేలు, తులసికోట. ఎడమచేతి మీద తాతయ్య పేరు. తాతయ్య పేరు నానమ్మ నోటితో పలకగా నేనెప్పుడూ వినలేదు, ఎవరైనా అడిగితే చెయ్యి చాపి చూపిస్తుంది. "పోయేనాడు పుస్తె తీస్తరు, కడియాలు తీస్తరు, ఇది మాత్రం నా ఎంట వస్తది" అంటుంది.

వచ్చే షోకి మళ్ళీ పంపాలనుకుంటున్నాను. టాటూను ఫైన్ ఆర్ట్‌గా ఎక్కడైనా ఒప్పుకున్నారా? ఒప్పుకుంటే దేన్ని చూసి ఒప్పుకున్నారు?

---

జవాబు: రాతిఅచ్చు

అమ్మా, నలభై ఏళ్ళు అచ్చు తీసే లితో రాళ్ళు, జింకు ప్లేట్ల మధ్య పాఠం చెప్పినవాణ్ణి. నీ మోకు సంగతి రెండుసార్లు చదివాను.

ప్రింట్‌మేకింగ్ చదివావు కాబట్టి ముందు మన ఇంటి సంగతే చెప్తాను. లండన్‌లో రాయల్ అకాడమీ 1768లో పెట్టారు. పెయింటర్లను, శిల్పులను, ఆర్కిటెక్టులను పూర్తి సభ్యులుగా తీసుకున్నారు. రాగిరేకు మీద చెక్కే ఎన్‌గ్రేవర్లను మాత్రం అసోసియేట్లు అని ఒక మెట్టు కిందే ఉంచారు. ఇంకొకరి బొమ్మకు నకలు తీసే పనివాళ్ళు కదా అని వాళ్ళ లెక్క. 1850లలో గానీ ఒక ఎన్‌గ్రేవర్‌కు పూర్తి సభ్యత్వం రాలేదు. అప్పటికి రెంబ్రాంట్ అంతటి చిత్రకారుడు ఎచింగులు (రాగిరేకు అచ్చుబొమ్మలు) వేసి రెండు వందల ఏళ్ళు దాటింది. ఈ రోజు గ్రాఫిక్స్, అంటే అచ్చుబొమ్మల విభాగం లేని కళా ప్రదర్శన ఉందా? నిన్న మనల్ని పనివాళ్ళు అన్న మాటే ఈ రోజు నిన్ను అంటున్నారు.

జపాన్‌లో అయితే నీదీ నాదీ ఒకే కులవృత్తి. చెక్క అచ్చులు చెక్కేవాడినీ, పచ్చబొట్టు పొడిచేవాడినీ ఒకే మాటతో పిలుస్తారు, హోరిషి అని. హోరు అంటే చెక్కడం. కునియోషి అనే అచ్చుబొమ్మల కళాకారుడు 1827 ప్రాంతంలో చైనా కథలోని 108 మంది వీరులను వరసగా వేయడం మొదలుపెట్టాడు. కొందరి వీపుల నిండా డ్రాగన్లు, పూలు, అలలు. జనం ఆ బొమ్మలు కొనుక్కుని, మాకూ అలాంటివి పొడవండి అని వెళ్ళారు. అంటే కాగితం మీది వీపు నుంచి మనిషి వీపు మీదికి వచ్చింది ఆ కళ. ఇప్పుడు ఆ అచ్చుబొమ్మలు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. వీపుల మీది బొమ్మలు ఆ మనుషులతోనే పోయాయి.

అమెరికాలో డాన్ ఎడ్ హార్డీ అనే ఆయన ఉన్నాడు. బట్టల మీది బ్రాండుగా నీకు ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆయన చదివింది మన సబ్జెక్టే. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రింట్‌మేకింగ్ డిగ్రీ తీసుకున్నాడు. పై చదువుకు యేల్‌లో అవకాశం వస్తే కాదనుకుని టాటూ వైపు వెళ్ళాడు. 1973లో జపాన్ వెళ్ళి అక్కడి గురువు దగ్గర పని చేశాడు. 2019లో అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో డి యంగ్ మ్యూజియం ఆయన జీవితకాలపు పనిని ప్రదర్శనకు పెట్టింది. కాకపోతే అక్కడ కూడా గోడల మీద ఎక్కువ కనిపించినవి డ్రాయింగులు, ప్రింట్లు, పెయింటింగులే.

నీ చేతిలో మెషీన్ ఉంది చూశావా, దాని తాత కూడా మన అచ్చు పనిముట్టే. ఎడిసన్ 1876లో ఒక ఎలక్ట్రిక్ కలానికి పేటెంట్ తీసుకున్నాడు. కాగితానికి సన్నటి చిల్లులు పొడిచి, వాటిలోంచి సిరా దించి నకళ్ళు తీసే కలం. న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అనే టాటూ పనివాడు ఆ పద్ధతినే చర్మానికి మలిచి 1891లో టాటూ మెషీన్‌కు పేటెంట్ తీసుకున్నాడు.

ఇక ఒక మాట కటువుగానే చెప్పాలి. నువ్వు పంపింది తప్పు పని. అరచెయ్యి తిప్పితే పురి ఎలా నిలిచిందో, పిడికిలి బిగిస్తే తాడు ఎలా బిగిసిందో నాకు కళ్ళకు కట్టినట్టు రాశావు. నాలుగు ఫొటోల్లో అది ఎక్కడుంది? కదలని చెయ్యి చూపించి కదిలే బొమ్మను చూడమంటే వాళ్ళు ఏం చూస్తారు? పారిస్‌లో కే బ్రాన్లీ మ్యూజియం 2014లో టాటూల మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు ఫొటోలతో సరిపెట్టలేదు. సిలికాన్‌తో వీపులు, చేతులు, మొండేలు పోతపోయించి, పేరున్న టాటూ కళాకారులతో వాటి మీద పొడిపించారు. అది ఒక దారి. వీడియో ఇంకో దారి. అసలు దారి ఆ మనిషి వచ్చి నిలబడటమే.

---

జవాబు: సంద్రపుగాలి (విశాఖ)

నేను పెయింటర్‌ని. నొప్పించాలని కాదు, కానీ నా అభిప్రాయం వేరు.

బొమ్మలో నైపుణ్యం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఏం గీయాలో ఎవరు నిర్ణయించారు? ఆ మనిషి మోకు తెచ్చాడు, చేతికి చుట్టమన్నాడు, డబ్బులిచ్చాడు. రేపు ఇంకొకరు వచ్చి పిల్లి బొమ్మ అడిగితే పిల్లి వేస్తారు. ఖాళీ కాన్వాస్ ముందు కూర్చున్నప్పుడు ఉండే టెన్షన్ వేరు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. అదే ఫైన్ ఆర్ట్‌కు గీత అని నేను నమ్ముతాను.

చర్మం మీది పనిని కళగా అమ్మిన సందర్భం లేకపోలేదు. విమ్ డెల్వోయ్ అనే బెల్జియం కళాకారుడు స్విట్జర్లాండ్‌కు చెందిన టిమ్ స్టైనర్ అనే మనిషి వీపు మీద టాటూ వేయించి, దాన్ని 2008లో ఒక జర్మన్ కలెక్టర్‌కు 1,50,000 యూరోలకు అమ్మాడు. ఒప్పందం ప్రకారం స్టైనర్ ఏడాదిలో కొన్నాళ్ళు గ్యాలరీలో చొక్కా లేకుండా, కదలకుండా కూర్చుంటాడు. పోయాక ఆ చర్మం కలెక్టర్‌కు చేరుతుంది. అక్కడ ఆలోచన కళాకారుడిది. అందుకే మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది.

---

జవాబు: నల్లసిరా

రాతిఅచ్చు సార్, మీరు చెప్పింది నిజం. ఫొటోలు ఎందుకు పంపానో ఇప్పుడు ఆలోచిస్తే, ఫారంలో ఫొటో పెట్టే గడి ఉంది కాబట్టి పంపాను. అంతకు మించి ఆలోచించలేదు.

సంద్రపుగాలి గారూ, మీరు చెప్పిన ఆ వీపు గురించి నేనూ చదివాను. అందులో నన్ను పట్టిన విషయం ఇంకొకటి. డిజైన్ డెల్వోయ్‌ది, సూది పట్టింది వేరే టాటూ ఆర్టిస్ట్. నలభై గంటల దాకా ఆ వీపు మీద వంగి కూర్చున్న మనిషి పేరు ఎంతమందికి తెలుసు? గ్యాలరీ ఒప్పుకున్నది టాటూను కాదు, ఆ వీపును అమ్మవచ్చన్న ఆలోచనను. రెండూ ఒకటి కావు.

అడిగినవాళ్ళకు గీస్తే కళ కాదన్న మాటకు మా వైపు నుంచే జవాబు చెప్తాను. చేర్యాల నకాషీ పటాలు ఎవరు గీయించుకున్నారు? పటం చూపిస్తూ ఊరూరా కథ చెప్పే కాకిపడగలవాళ్ళు, మందెచ్చులవాళ్ళు వచ్చి, మాకు ఈ కులపురాణం కావాలి, ఇన్ని మూరలు కావాలి అని చెప్పి గీయించుకునేవారు. కథ వాళ్ళది, కొలత వాళ్ళది, డబ్బు వాళ్ళది. పటం పాతబడితే దానికి మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్ళలో వదిలేవారు. మనిషితో పోయే బొమ్మ కాబట్టి కళ కాదు అనేవాళ్ళకు కూడా ఆ పటమే జవాబు. ఈ రోజు నకాషీని కళ కాదని ఎవరంటారు?

మా స్టూడియోకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పేర్లు, ఈకలు, పక్షులు, ఇన్‌ఫినిటీ గుర్తులు అడుగుతారు. అవి శుభ్రంగా, సూది లోతు తప్పకుండా వేసి పంపుతాను. వాటిని తీసుకెళ్ళి గ్యాలరీలో పెట్టమని నేను అడగడం లేదు. మోకు గురించి అడుగుతున్నాను.

---

జవాబు: ఉట్నూరు టీచర్

చెల్లీ, నీ పోస్టులో మీ నానమ్మ దగ్గర ఆగిపోయాను.

నేను ఏజెన్సీలో పదిహేనేళ్ళుగా పాఠం చెప్తున్నాను. ఇక్కడ తోటి అనే తెగ ఆదివాసీలు ఉన్నారు. గోండుల వంశకథలు పాడతారు, కిక్రి అనే తీగవాద్యం వాయిస్తారు. మగవాళ్ళది పాట అయితే ఆడవాళ్ళ చేతిలోది పచ్చబొట్టు. గోండు ఆడవాళ్ళ ఒంటి మీది పచ్చబొట్లు తరతరాలుగా ఈ తోటి తెగ స్త్రీలు పొడిచినవే. నాకు తెలిసిన ఒక అవ్వ ఉంది. సూదికట్ట పట్టుకుంటే ఆమె చెయ్యి వణకదు, టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది. ముందు ఏమీ గీసుకోదు. పొడవబోయే చోట బొటనవేలితో ఒకసారి చర్మాన్ని సాగదీసి చూస్తుంది, అంతే, మొదలుపెడుతుంది. నువ్వు మూడు గంటలు గీసి చెరిపింది ఆమె ఆ ఒక్క సాగదీతలో చూసుకుంటుందేమో అనిపించింది నీ పోస్టు చదివాక. ఇప్పటి ఆడపిల్లలు పొడిపించుకోవడం లేదు. బడిలో ఎగతాళి చేస్తారని వాళ్ళ భయం. నా క్లాసులోనే ఒక పిల్ల నుదుటి మీది చుక్కలు జుట్టుతో కప్పుకునేది.

గుర్తింపు గురించి అడిగావు. 2021లో మా మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ నాట్యానికి పద్మశ్రీ వచ్చింది. ఒంటితో చేసే నాట్యాన్ని కళ అన్నప్పుడు ఒంటి మీద గీసినదాన్ని అనడానికి ఏం అడ్డు అని నేను అప్పుడే అనుకున్నాను.

2024 పద్మశ్రీ జాబితాలో బీహార్ నుంచి ఒక దంపతులు ఉన్నారు, శాంతిదేవి పాశ్వాన్, శివన్ పాశ్వాన్. వాళ్ళకు వచ్చింది గోద్నా చిత్రకళకు. గోద్నా అంటే పచ్చబొట్టే. మధుబని ప్రాంతంలో పై కులాల ఆడవాళ్ళు గోడల మీది దేవుళ్ళ బొమ్మలను కాగితం మీదికి తెచ్చి పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో, దుసాధ్ దళిత స్త్రీలు మాకంటూ ఏముంది అని చూసుకుంటే వాళ్ళకు కనిపించింది తమ చేతుల మీది పచ్చబొట్టు. 1970లలో ఆ చుక్కలు, గీతలు, వలయాలు కాగితం మీదికి ఎక్కాయి. చానోదేవి లాంటివాళ్ళు దాన్ని నిలబెట్టారు. తమ దేవుడు రాజా సల్హేస్ కథ ఆ గీతలతోనే చెప్పారు. ఆ స్త్రీలు చేసింది ఎంత పెద్ద పనో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

కానీ చెల్లీ, నీ గ్యాలరీవాళ్ళు చేసిందే అక్కడా జరిగింది చూడు. కాగితం మీదికి వచ్చాకే అవార్డు వచ్చింది. అదే బొమ్మను ఊరూరూ తిరిగి చేతుల మీద పొడిచిన నట్టిన్ స్త్రీలకు ఏం వచ్చింది? మా తోటి తెగ అవ్వకు ఏం వచ్చింది? మీ నానమ్మ చేతి మీద తేలు పొడిచిన ఎరుకలామెకు మానెడు జొన్నలు వచ్చాయి.

ఒంటి మీది పనిని ఒంటి మీదే గౌరవించిన చోటు నాకు తెలిసి ఒకటుంది. ఫిలిప్పీన్స్ కొండల్లో కళింగ తెగ, బుస్కలాన్ అనే ఊరు. అక్కడ వాంగ్-ఓద్ అనే అవ్వ ముల్లు గుచ్చిన వెదురు పుల్లను ఇంకో పుల్లతో కొడుతూ మసితో పొడుస్తుంది. 2018లో వాళ్ళ దేశపు సంస్కృతి, కళల కమిషన్ ఆమెను సత్కరించింది. 2023 ఏప్రిల్‌లో, 106 ఏళ్ళ వయసులో, వోగ్ పత్రిక ఫిలిప్పీన్స్ ముఖచిత్రం మీద ఆమె ముఖం వేశారు. తన తోబుట్టువుల మనవరాళ్ళకు ఆ పని నేర్పింది. జనమే కొండెక్కి ఆమె దగ్గరికి వెళ్తున్నారు.

ఒక్క పని చెయ్యి. మీ నానమ్మ చేతుల మీది బొమ్మలను ఆమె ఉండగానే గీసి పెట్టుకో. నేను మా అవ్వ పొడిచినవి గీసుకుందామని ఏళ్ళ తరబడి వాయిదా వేశాను. ఆమె పొడిచిన చేతుల్లో మూడు ఇప్పటికే మట్టిలో కలిసిపోయాయి.

---

జవాబు: ఒసాకా తెలుగువాడు

పనిమీద ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. నాకు టాటూ లేదు, కళ గురించి పెద్దగా తెలియదు. కానీ ఒక కోర్టు కేసు సంగతి చెప్తే మీకు పనికొస్తుందేమో.

జపాన్‌లో టాటూను 1872లో నిషేధించారు, 1948 దాకా ఆ నిషేధం ఉంది. ఎత్తేశాక కూడా ఇంకో చిక్కు. చర్మంలోకి సూదితో రంగు దించడం వైద్యం కిందికి వస్తుంది, డాక్టర్ లైసెన్స్ లేకుండా చేయకూడదు అని ప్రభుత్వం అంది. 2015లో ఇక్కడే ఒసాకాలో ఒక టాటూ కళాకారుడి మీద కేసు పెట్టారు. జరిమానా కట్టేసి ఊరుకోకుండా అతను పోరాడాడు. కింది కోర్టులో ఓడిపోయాడు, 2018లో హైకోర్టు నిర్దోషి అంది. 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. టాటూ వేయడానికి కావలసింది వైద్యానికి సంబంధం లేని కళా నైపుణ్యం, డాక్టర్లు మాత్రమే చేసే పనిగా దాన్ని అనుకోలేం అన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన మాట.

దక్షిణ కొరియాలో 1992 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో డాక్టర్లు కానివాళ్ళు టాటూ వేయడం నేరంగానే ఉండిపోయింది. 2025 సెప్టెంబర్‌లో వాళ్ళ పార్లమెంటు కొత్త చట్టం చేసి ఆ వృత్తికి లైసెన్స్ దారి తెరిచింది.

అయినా ఇక్కడ చాలా వేడినీటి స్నానశాలల్లో టాటూ ఉన్నవాళ్ళను ఇప్పటికీ లోపలికి రానివ్వరు. మా ఆఫీసులో ఒకాయన ఎండాకాలంలో కూడా పూర్తి చేతుల చొక్కానే వేసుకుంటాడు. కోర్టు కళ అన్నా ఆయన చొక్కా చేతులు పైకి మడవడు.

---

జవాబు: నల్లకోటు

లా వైపు నుంచి ఒక చిన్న మాట. మన కాపీరైట్ చట్టం, 1957లో ఆర్టిస్టిక్ వర్క్ నిర్వచనం చూడండి. పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, ఎన్‌గ్రేవింగ్, ఫొటో అని చెప్పి, వాటికి కళాత్మక విలువ ఉన్నా లేకపోయినా అని రాశారు. అంటే ఏది గొప్ప కళ అన్న తీర్పులోకి చట్టం దిగనే లేదు. మీరు గీసిన మోకు డ్రాయింగ్ కూడా ఆ నిర్వచనం కిందికి వస్తుంది. డిజైన్ మీద పేరు, తేదీ వేసి ఒరిజినల్ స్కెచ్‌లు దాచుకోండి. అమెరికాలో మైక్ టైసన్ ముఖం మీది టాటూను పొడిచిన కళాకారుడు, దాన్ని ఒక సినిమాలో అనుమతి లేకుండా వాడుకున్నారని 2011లో కోర్టుకెళ్ళాడు. చివరికి బయట రాజీ చేసుకున్నారు.

ఆ జనగామ ఆయన చెయ్యి ప్రదర్శనలో చూపించాలంటే మాత్రం ఆయన రాతపూర్వక అనుమతి తీసుకోండి. బొమ్మ గీసింది మీరు, చెయ్యి ఆయనది.

---

జవాబు: సంద్రపుగాలి (విశాఖ)

నకాషీ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఎవరో అడిగితే గీసింది కళ కాదంటే గుళ్ళలో, రాజుల కొలువుల్లో జరిగిన పనంతా పక్కన పెట్టాలి. ఆ గీత నేను తప్పుగా గీసుకున్నాను.

ఒక అనుమానం మాత్రం మిగిలి ఉంది. మీరు పొడిచిన ఆ నల్లటి గీత పదిహేనేళ్ళకు ఎలా ఉంటుంది? నా కాన్వాస్ మీద రంగు ఎక్కడ వేస్తే అక్కడే ఉంటుంది. మీది ఉండదు కదా?

---

జవాబు: నల్లసిరా

ఉండదు. ఆ సంగతి నాకు తెలిసే పొడుస్తాను.

సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది, పైచర్మం కింది పొరలోకి. సిరా రేణువులను మన ఒంట్లోని కణాలే మింగి పట్టుకుంటాయి. అవి చచ్చిపోతే కొత్త కణాలు అదే సిరాను మళ్ళీ మింగుతాయి. ఫ్రాన్స్‌లో మార్సే శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద ఈ సంగతి చూపించారు. అంటే ఆ గీతను లోపల ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూనే ఉంటారు. ఆ అందుకోవడంలో కాస్త కాస్త చెదురుతుంది. అందుకే పురిలోని రెండు గీతల మధ్య ఇప్పుడు కావలసినదానికంటే ఎక్కువ ఖాళీ వదిలాను. ఇప్పుడు చూస్తే తాడు కొంచెం వదులుగా అల్లినట్టు ఉంటుంది. ఆయనకు యాభై ఏళ్ళు వచ్చేసరికి సరిగ్గా కూడుకుంటుంది. ఆ ఖాళీ ఎంత ఉండాలన్నది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు, నానమ్మ చెయ్యి చూసి తెలుసుకున్నాను.

టీచరక్కా, మీ జవాబు చదివిన రాత్రే బస్సెక్కి హనుమకొండ వచ్చాను. ఆ పిల్ల జుట్టుతో నుదురు కప్పుకునేదని రాశారు కదా, బస్సులో అదే తలుచుకుంటూ ఉన్నాను. బాపు ఇంట్లోనే ఉన్నాడు. బటర్ పేపర్ తీసి నానమ్మ చేతి మీద పరుస్తుంటే ఏం చేస్తున్నావని అడిగాడు. చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపటికి లైటు సరిపోవడం లేదని ట్యూబ్‌లైటు కిందికి మంచం తనే జరిపాడు.

మోకు ఆయనతో కూడా మాట్లాడాను. షో మొదటి రోజు వచ్చి నిలబడతానన్నాడు. బాపు మోకు కూడా తెస్తానన్నాడు. గ్యాలరీవాళ్ళు ఒప్పుకుంటారో లేదో చూడాలి. ఈసారి ఫొటోలు పంపను. ఆయన వస్తాడు, పిడికిలి బిగిస్తాడు అని దరఖాస్తులో రాస్తాను. నల్లకోటు గారూ, అనుమతి కాగితం మీద ఆయన సంతకం పెట్టించుకుంటాను.

ఇప్పుడు చిన్న చిక్కొచ్చింది, రాతిఅచ్చు సార్‌ను అడగాలి. నానమ్మ చర్మం బాగా వదులైపోయింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తేలు ముడుచుకుని బొటనవేలంత ఉంది, కొండి తులసికోటను తాకుతోంది. నేను బొటనవేలితో చర్మాన్ని మెల్లగా సాగదీస్తే తేలు దాదాపు రెండింతలైంది, తులసికోటకూ దానికీ మధ్య రెండు వేళ్ళ ఎడం వచ్చింది, కాళ్ళు కూడా విడివిడిగా లెక్కపెట్టగలిగాను. ఎరుకలామె పొడిచింది సాగదీసిన తేలును. నానమ్మ ఇన్నేళ్ళు మోసుకొచ్చింది ముడుచుకున్న తేలును. ఏది గీయమంటారు?

---

జవాబు: రాతిఅచ్చు

రెండూ గీయమ్మా. ఒకే కాగితం మీద, పక్కపక్కన, అసలు కొలతకు. కింద ఆమె వయసు రాయి, ఎరుకలామె ఏ ఊరి నుంచి వచ్చేదో నానమ్మను అడిగి అది కూడా రాయి.